ధమ్‌తరి ఉపాధ్యాయుని వ్యాకరణము

రాయపూరు నగరానికి దక్షిణాన ధమ్‌తరి అనే ఊరు ఉన్నది. 1880 తరువాతి సంవత్సరాలలో అచ్చటి ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాలకు హీరాలాల్ అనే యువకుడు ప్రధానోపాధ్యాయుడుగా ఉండెను. ఆయన నేర్పవలసినవి హిందీ, ఇంగ్లీషు. బడికి వచ్చే పిల్లలు ఇంట మాట్లాడేది మాత్రం ఛత్తీస్‌గఢీ. ఆ మాటకు పాఠ్యప్రణాళికలో చోటు లేదు. దానికి వ్యాకరణమొకటి ఉండగలదని పండితులు తలచిన జాడ కూడా లేదు. అట్టి సమయాన, 1885లో, హీరాలాల్ ఆ భాషకు హిందీలో ఒక వ్యాకరణం వ్రాసి ముగించినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు.

ఆయన 1856లో జన్మించినాడు. రాయపూరు ప్రాంతము ఆ తరువాత మధ్యపరగణాలలో చేరినది. ఉద్యోగ జీవితమంతా ఉపాధ్యాయ వృత్తిలోనే గడచినది. పాఠశాల పిల్లల కొరకు 'శాలాగీత చంద్రిక' అనే పాటల పుస్తకము వ్రాసినాడు. ఆయన పేరు చివర కనబడే 'కావ్యోపాధ్యాయ' అనునది ఇంటిపేరు కాదు. కలకత్తాలో సంగీతవిద్యకు పోషకుడుగా పేరొందిన సౌరీంద్రమోహన ఠాకూరు స్థాపించిన సంగీత సంస్థ 1884లో ఇచ్చిన బిరుదమది. అనగా వ్యాకరణానికి పూనుకొన్ననాటికి ఆయన పాటలు కట్టినవాడు, పాటలు విన్నవాడు. ఈ సంగతి ఆయన గ్రంథాన్ని అర్థము చేసికొనుటకు అక్కరకు వస్తుంది. శబ్దరూపాలను పట్టికలుగా వ్రాసి అంతటితో ఆయన ఊరకుండలేదు. సామెతలను, పాటలను, పల్లెలలో చెప్పుకొనే కథలను కూడ వ్యాకరణానికి జతపరచినాడు. రూపాలు మాత్రమే తెలిసినవానికి భాష వచ్చినట్లు కాదని పిల్లలకు చదువు చెప్పినవానికి వేరుగా చెప్పవలెనా?

హిందీ వచ్చినవానికి ఛత్తీస్‌గఢీ కొంత తెలిసినట్లే ఉంటుంది. ఆ తెలిసినట్లుండుటే మోసము. బహువచనానికి 'మన్' అనే ప్రత్యయము చేరుతుంది: 'లఇకా' అనగా పిల్లవాడు, 'లఇకా మన్' అనగా పిల్లలు. దీనికి మన తెలుగు 'మన'తో ఎట్టి సంబంధమూ లేదు. ఒడియాలోని 'మానే'ను దీనితో పోల్చుతారు. వస్తువులను లెక్కించునపుడు అంకె ప్రక్కన 'ఠన్' నిలుస్తుంది. రెండు చెట్లు అనవలెనన్న 'దూ ఠన్ రుఖ్' అంటారు. పేరు కూడ ఒకటి కాదు. సంబల్‌పూరు వైపువారు ఈ భాషనే లరియా అన్నారు, బాలాఘాట్ వైపున ఖల్టాహీ అన్నారు. పొరుగువారు పెట్టిన పేర్లిన్ని ఉండగా, భాషకు తనదైన వ్యవస్థ ఒకటి కలదని చూపుట అంత సులభమైన పని కాదు.

ఈ వ్రాతప్రతి జార్జి గ్రియర్సన్ చేతికి చేరినది. ఆయన అప్పటికే బీహారు మాండలికాలకు వ్యాకరణాలు ప్రకటించినవాడు. హీరాలాల్ గ్రంథాన్ని ఇంగ్లీషులోనికి అనువదించి, సంస్కరించి, 1890లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించినాడు. మూలకర్త పేరును, ఆయన ధమ్‌తరిలో ప్రధానోపాధ్యాయుడన్న మాటను శీర్షికలోనే చేర్చినాడు. ఆ కాలములో దేశీయ పండితుల శ్రమ దొరల పీఠికలలో ఒక కృతజ్ఞతా వాక్యముగా ముగిసిపోవుట అరుదు కాదు. కాబట్టి ఈ న్యాయాన్ని గుర్తింపక తప్పదు. అదే ఏట హీరాలాల్ మరణించినాడు. ఆయనకు ముప్పదినాలుగేండ్లు మాత్రమే.

గ్రియర్సన్ తరువాత చేపట్టిన భారతీయ భాషా పర్యవేక్షణలో ఆరవ సంపుటము 1904లో వెలువడినది. అందులో అవధీ, బఘేలీలతోపాటు ఛత్తీస్‌గఢీని తూర్పు హిందీ శాఖలో చేర్చినాడు. చేర్చుట వలన భాషకు శాస్త్రములో స్థానము కలిగినది. హిందీలో ఒక శాఖ అను ముద్ర కూడ దానితోనే పడినది.

ఇచ్చట సంబల్‌పూరు కథ తలచుకొనదగినది. ఆ జిల్లా కూడ అప్పుడు ఛత్తీస్‌గఢ్ విభాగములోనిదే. అచ్చటి కచేరీలలో 1896లో ఒడియాను తొలగించి హిందీని ప్రవేశపెట్టినారు. జనులు ఆందోళన చేసినారు. 1903లో ఒడియా తిరిగి వచ్చినది. ఒడియాకు లిపి ఉన్నది, ప్రాచీన కావ్యాలున్నవి, అడుగువారున్నారు. ఛత్తీస్‌గఢీ పక్షాన అప్పటికి చెప్పుకొనదగినది ఆ బడిపంతులు వ్రాసిన పుస్తకము.

తెలుగువారికి ఈ చరిత్ర విన్నపుడు పర్లాకిమిడి గుర్తుకు రాకమానదు. అచ్చటి ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి 1863లో జన్మించినవాడు, అనగా హీరాలాల్‌కు ఏడేండ్లు చిన్న. బడిలో పాఠాలు చెప్పుచునే సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణము, నిఘంటువు కూర్చినాడు. అయితే భేదమొకటి ఉన్నది. సవర భాష తెలుగునకు పూర్తిగా పరాయిది. దానిని వేరు భాష కాదనువారు లేరు. హీరాలాల్ ఎంచుకొన్నది రాజభాషకు దగ్గరి చుట్టము. దూరపు భాషకు వ్యాకరణము వ్రాసినవానిని విద్వాంసుడంటారు. దగ్గరి భాషకు వ్రాసినవానిని, తప్పుల మాటలకు సూత్రాలు కట్టుచున్నాడేమని అడుగుతారు. రామమూర్తి 1940 వరకు జీవించి తన సవర గ్రంథాలను అచ్చులో చూచుకొన్నాడు. హీరాలాల్‌కు అంత కాలము లభింపలేదు.

ఆయన వ్యాకరణము 1921లో కలకత్తాలో పుస్తకరూపము దాల్చినది. లోచన్ ప్రసాద్ పాండేయ దానిని సవరించి పెంచినాడు. రాయ్‌బహదూర్ హీరాలాల్ పర్యవేక్షించినాడు. ఒకే ముఖపత్రముపై ఇద్దరు హీరాలాల్‌లు కనబడుటచే పాఠకులు పొరబడుట సహజము. రెండవ ఆయన కట్నీ ప్రాంతీయుడు, శాసనపరిశోధకుడు, రస్సెల్‌తో కలిసి మధ్యపరగణాల కులజాతులపై 1916లో గ్రంథము ప్రకటించినవాడు. వ్యాకరణకర్త మాత్రము ధమ్‌తరి ఉపాధ్యాయుడే. హిందీకి ప్రామాణికమని పేరొందిన కామతాప్రసాద్ గురు వ్యాకరణము 1920 నాటిది కావున, ఛత్తీస్‌గఢీయే ముందని కొందరు గర్వముతో చెప్పుకొంటారు. హిందీకి అంతకు పూర్వమే కెలాగ్ మొదలగువారి వ్యాకరణాలున్నవి. అతిశయోక్తి ఎందుకు? 1885 అను సంవత్సరమే చాలును.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 నవంబరు 1న ఏర్పడినది. 2007 నవంబరు 28న శాసనసభ హిందీతోపాటు ఛత్తీస్‌గఢీని రాజభాషగా గుర్తించు బిల్లును ఆమోదించినది. ఏటేటా ఆ తేదీని రాజభాషా దినముగా జరుపుతారు. 2011 జనాభా లెక్కలలో కోటి అరువది లక్షలకు మించిన జనులు తమ మాతృభాష ఛత్తీస్‌గఢీ అని వ్రాయించుకొన్నారు. పట్టికలో వారిని హిందీ అను శీర్షిక క్రిందనే చూపినారు.