చేతిపెట్టెలో కార్యశాల

కొన్ని సంవత్సరముల క్రిందట, వైశాఖమాసమున, ఒక పల్లెకు బుర్రకథను ధ్వనిముద్రణము చేయుటకై పోయితిమి. కథకుని గొంతునకు ఒక మైకు, తంబురకు ఒకటి, వంతలిద్దరికిని వారి గుమ్మెటలకును వేరుగా నాలుగు. ఈ ధ్వనులన్నియు విడివిడిగా ఒక ల్యాప్‌టాప్ కంప్యూటరులోనికి చేరుచుండెను. కథ మంచి పట్టుమీద నుండగా ఆ యంత్రము వేడెక్కి, తెర నల్లబడి, తనంతట తానే ఆగిపోయెను. మేము తాటియాకు విసనకఱ్ఱతో దానికి గాలి విసరుచుండగా కథకుడు నవ్వి, "ఏం బాబూ, మా గొంతులు ఎండకముందే మీ పెట్టె సొమ్మసిల్లిందే!" అనెను. పావుగంటకు యంత్రము తేరుకొనెను, కథయు సాగెను. కాని పోయిన ఘట్టమును రెండవమారు చెప్పినప్పుడు మొదటి ఊపు రాలేదు. ఆ లోటు మా ధ్వనిభాండారమున నేటికిని అట్లే యున్నది.

నాడు మేము తీసికొనిపోయినది ఇండ్లలో ఉత్తరములు వ్రాసికొనుటకును, సినిమాలు చూచుటకును వాడు రకపు యంత్రము. తప్పు దానిది కాదు. గంటల తరబడి బరువైన పని చేయుటకు దానిని నిర్మింపలేదు. అట్టి పనికై నిర్మించు జాతి వేరొకటి కలదు. దానిని మొబైల్ వర్క్‌స్టేషన్ అందురు. వంతెనలకు నమూనాలు గీయు ఇంజనీర్లు, భూగర్భమున చమురును వెదకు శాస్త్రజ్ఞులు, చలనచిత్రములను కూర్చు ఎడిటర్లు దీనిని మోయుచుందురు. మోయుట అను మాటను ఊరక వాడలేదు. ఈ జాతి చరిత్రలో సగము బరువు చరిత్ర. తక్కిన సగము, ఆ బరువునకు బదులుగా పనివానికి ఏమి దక్కినది అను చరిత్ర.

మన పల్లెలలో పనివారు రెండు తీరుల నుండెడివారు. కంసాలి తన పట్టకార్లను, చిన్న సుత్తిని సంచిలో వేసికొని మన యింటికే వచ్చి నగ అతికి పోవును. కమ్మరి రాడు. అతని కొలిమియు దాగలియు కదలవు గనుక మనమే నాగటికఱ్ఱును భుజాన వేసికొని అతని కడకు పోవలెను. కంప్యూటరు తొలిదినములలో కమ్మరి కొలిమి వంటిది. దానిని కంసాలి సంచిలో పట్టించుటకు ఇప్పటికి అర్ధశతాబ్దముగా ప్రయత్నము జరుగుచున్నది.

ఆ కొలిమిని కదలించిన తొలి యంత్రములలో 1975 సెప్టెంబరున ఐబీఎం సంస్థ వెలువరించిన 5100 ఒకటి. బరువు సుమారు 25 కిలోలు. తెర 5 అంగుళములు. వెల దాదాపు 9,000 డాలర్లు మొదలుకొని 20,000 డాలర్ల వరకు. ఏపీఎల్, బేసిక్ అను భాషలలో లెక్కలు కట్టుకొను ఇంజనీర్లను, శాస్త్రజ్ఞులను ఉద్దేశించి దానిని చేసిరి. సంస్థవారు దానికి పోర్టబుల్ కంప్యూటర్ అని పేరు పెట్టిరి. అంగడినుండి పాతిక కిలోల బియ్యపు బస్తాను మేడపైకి మోసినవారెవరైనను ఆ పేరులోని ధైర్యమును మెచ్చుకొందురు. అయినను ఒక సంగతి గమనింపదగినది: కదలించదగిన కంప్యూటరును మొట్టమొదట కోరినవాడు వినోదార్థి కాడు, పనివాడు.

తరువాతి పేరు ఆడమ్ ఆస్‌బర్న్. ఇతని కథకు మన దక్షిణదేశముతో సంబంధము కలదు. 1939లో బ్యాంకాకులో పుట్టిన ఇతని బాల్యము తిరువణ్ణామలైలో, కొడైకెనాలులో గడచెను. తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణమహర్షి భక్తుడు, మహర్షి జీవితచరిత్ర వ్రాసినవాడు. అరుణాచలము నీడన పెరిగిన ఆ బాలుడు ఇంగ్లండులో రసాయనిక ఇంజనీరింగు చదివి, అమెరికాకు పోయి, 1981 ఏప్రిలులో ఆస్‌బర్న్ 1 అను యంత్రమును లోకమునకు చూపెను. దానిని రూపొందించిన ఇంజనీరు లీ ఫెల్సెన్‌స్టీన్. బరువు 11 కిలోలు. వెల 1,795 డాలర్లు. మూత వేసినచో అచ్చముగా కుట్టుమిషను పెట్టెయే. విమానములో ఆసనము క్రింద పట్టును. తెర మరల 5 అంగుళములే. వరుసకు 52 అక్షరములకు మించి ఒక్కమారు కనబడవు. లోపల బ్యాటరీ లేదు గనుక గోడకు ప్లగ్గు ఉన్నచోటనే పని.

లోపములిన్ని యున్నను జనము దానిని ఎగబడి కొనిరి. వ్రాతకు, లెక్కలకు కావలసిన ప్రోగ్రాములను ఆ వెలలోనే చేర్చి ఇచ్చుట ఆస్‌బర్న్ చేసిన తెలివైన పని. పనిముట్టుతోబాటు పనియు అందినది. కాని 1983 సెప్టెంబరునాటికే ఆ సంస్థ దివాలా తీసెను; దాని కారణములను గూర్చి నేటికిని వాదములు ఉన్నవి. ఆస్‌బర్న్ 1992లో భారతదేశమునకు మరలివచ్చి, 2003లో తాను చిన్ననాడు తిరిగిన కొడైకెనాలులోనే కన్నుమూసెను.

కుట్టుమిషను పెట్టెను ఒడిలో పెట్టుకొనలేము. ఒడిలో పట్టు ఆకారమును 1982లో గ్రిడ్ సంస్థ తెచ్చెను. దాని స్థాపకుడు జాన్ ఎలెన్‌బీ. ఆకారము దిద్దినవాడు ఆంగ్ల రూపశిల్పి బిల్ మోగ్రిడ్జ్. గ్రిడ్ కంపాస్ అను ఈ యంత్రమున తెర కీబోర్డు మీదికి, ముత్యపుచిప్ప మూసికొన్నట్లు, ముడుచుకొనును. నేడు మనము చూచు ప్రతి ల్యాప్‌టాపునకును ఇది పూర్వరూపము. బరువు సుమారు 5 కిలోలు. వెల 8,150 డాలర్లు. పై తొడుగు మెగ్నీషియము లోహముది. లోపలి వేడి ఆ లోహముగుండ బయటికి పోవును.

ఈ యంత్రమునే అమెరికా అంతరిక్ష సంస్థ 1983 నవంబరున కొలంబియా నౌకలో పంపెను. అక్కడ ఒక చిక్కు వచ్చినది. భూమిమీద వేడిగాలి తేలికయై పైకి లేచును, చల్లని గాలి ఆ చోటికి వచ్చును. భారరహితమైన చోట పైకి అనునదియే లేదు గనుక వేడిగాలి పుట్టినచోటనే నిలిచిపోవును. అందుచే ప్రత్యేకముగా ఒక ఫ్యాను అమర్చవలసి వచ్చెను. మా తాటియాకు విసనకఱ్ఱకు ఇంతటి పూర్వికులుండిరని తెలిసి మేము కొంత ఊరడిల్లితిమి.

ఇంతవరకు చెప్పినవి కదలు కంప్యూటర్లే గాని వర్క్‌స్టేషన్లు కావు. వర్క్‌స్టేషన్ అను మాటకు 1980 దశకమున ఒక నిశ్చితార్థము ఏర్పడెను: ఒక్క నిపుణునికై ప్రత్యేకించిన బలమైన యంత్రము, పెద్ద తెర, యూనిక్స్ వ్యవస్థ, తక్కిన యంత్రములతో తంతి సంబంధము. 1982లో వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టల్‌షైమ్, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ అను నలుగురు నెలకొల్పిన సన్ మైక్రోసిస్టమ్స్ ఇందులో పేరొందినది. హైదరాబాదువారైన శ్రీ సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్టునకు పోవుటకు ముందు పనిచేసినది ఈ సన్ సంస్థలోనే. ఆ సన్ యంత్రములలోని స్పార్క్ ప్రాసెసరును పుస్తకమంత పెట్టెలో ఇమిడ్చి, 1990 దశకారంభమున స్పార్క్‌బుక్ అను పేర అమ్మినది ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ట్యాడ్‌పోల్ అను చిన్న సంస్థ. ట్యాడ్‌పోల్ అనగా తోకకప్ప. మా లెక్కలో మొబైల్ వర్క్‌స్టేషన్ వంశమునకు నిజమైన మూలపురుషుడు ఈ తోకకప్పయే. బల్లమీది యంత్రమున నడచు ప్రోగ్రామే, ఏ మార్పును లేక, ప్రయాణములో నడచుట దానితో సాధ్యమైనది.

1992లో ఐబీఎం వారి థింక్‌ప్యాడ్ 700సి వచ్చెను. నల్లని పెట్టె, కీబోర్డు నడుమ ఎఱ్ఱని బొడిపె, 10.4 అంగుళముల రంగుతెర. జర్మను రూపశిల్పి రిచర్డ్ సాపర్ దానిని దిద్దెను. జపానువారి భోజనపు పెట్టె ఆతనికి స్ఫూర్తి నిచ్చినదని చెప్పుదురు. క్రమముగా ఖరీదైన యూనిక్స్ యంత్రములు వెనుకబడి, సామాన్య కంప్యూటరు జాతియే బలము పుంజుకొని వారి పనిని అందుకొనెను. 2001లో డెల్ ప్రెసిషన్ ఎం40, 2002లో థింక్‌ప్యాడ్ ఏ31పి ఆ మార్పునకు గుర్తులు. చూచుటకు సాధారణ ల్యాప్‌టాపులే. తేడా అంతయు చిత్రములు గీయు గ్రాఫిక్స్ చిప్పులో నున్నది.

ఆ తేడాను కొంచెము విప్పి చెప్పవలెను. ఆటల కొరకు చేసిన చిప్పు వేగమునకు మొక్కును. ఆటలో ఒక గీత వెండ్రుకవాసి ప్రక్కకు జరిగినను ఆడువానికి పట్టదు; మరునిమిషమున ఆ దృశ్యమే ఉండదు. ఇంజనీరు గీసిన నమూనాలో గీత జరిగినచో, ఇనుము ఆ కొలతకే కోయబడును. కావున నమూనాలు గీయు ప్రోగ్రాములను తయారుచేయు సంస్థలు ఫలానా యంత్రముపై, ఫలానా చిప్పుతో తమ ప్రోగ్రామును నడిపి పరీక్షించి, సరిగా పనిచేయునని ధ్రువీకరించును. మొబైల్ వర్క్‌స్టేషనుకు ఎక్కువ వెల ఇచ్చుట చాలవరకు ఈ ధ్రువీకరణ కొఱకే. అంగడిలో మాత్రము వేగమును గూర్చియే మాటలాడుదురు. మేము చూచినంతలో, పనివానిని ముంచినది వేగము చాలకపోవుట కాదు, పని నడుమ యంత్రము మాట తప్పుట.

ఈ వంశమున మాకు మిక్కిలి ప్రీతికరమైనది 2008లో వచ్చిన థింక్‌ప్యాడ్ డబ్ల్యూ700. ఐబీఎం తన కంప్యూటరు శాఖను అప్పటికే 2005లో చైనా దేశపు లెనోవో సంస్థకు అప్పగించియుండెను. ఈ యంత్రమునకు 17 అంగుళముల తెర. మణికట్టు ఆనుచోట కలముతో గీయుటకు ఒక పలక. ఛాయాచిత్రకారుల కొఱకు తెర రంగులను సరిచూచు చిన్న కన్ను. డబ్ల్యూ700డిఎస్ అను రకములో తెర వెనుకనుండి రెండవ తెర సొరుగువలె బయటికి వచ్చును! దానికి విద్యుత్తునిచ్చు ఛార్జరు శక్తి 230 వాట్లు. అనగా పాతకాలపు 60 వాట్ల బల్బులు నాలుగింటికి ఇంచుమించు సరి. రెండు తెరల యంత్రము బరువు సుమారు 5 కిలోలు. ఇరువదియారేండ్ల క్రిందటి గ్రిడ్ కంపాస్ బరువు ఎంతయో ఇదియు అంతే. దీనిని ల్యాప్‌టాపని పిలుచుట పరిహాసము. కాని ఆ మోటు పెట్టెను చేసినవారు పనివాని బల్లమీద నుండు వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చేర్చిరి.

2015లో మరియొక మెట్టు. అంతవరకు ముఖ్యముగా సర్వర్లలోను, బల్లమీది వర్క్‌స్టేషన్లలోను వాడిన జియాన్ ప్రాసెసరు, దోషములను సరిదిద్దుకొను మెమరీ థింక్‌ప్యాడ్ పి50, పి70 యంత్రములలోనికి వచ్చెను. అంతరిక్షమునుండి వచ్చు కిరణము తాకినను మెమరీలో ఒక్క సున్న ఒకటిగా మారిపోవచ్చును. ఈ రకపు మెమరీ ప్రతి 64 అంకెలకు 8 సాక్షి అంకెలను చేర్చి దాచుకొని, మారిన అంకెను పట్టుకొని దిద్దును. వంతెన లెక్క రాత్రియంతయు నడుచునప్పుడు దీని విలువ తెలియును.

అటుతరువాతి కథ సన్నబడుట. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ పి1 బరువు 1.7 కిలోలే. ఇంజనీరు భుజమునకు ఇది వరము. కాని సన్నదనమునకు ఒక వెల కలదు. మోటు పెట్టెల అడుగుపలక మరలు విప్పినచో మెమరీ పలకలను పెంచుకొనవచ్చును, చెడినదానిని మార్చుకొనవచ్చును. పలుచని యంత్రములు పెక్కింటిలో మెమరీని టంకము వేసి అతికించివేసిరి. ఆపిల్ సంస్థ 2012నాటి రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ఇట్లే చేసెను. 2021లో ఎం1 మ్యాక్స్ చిప్పుతో మెమరీని ప్రాసెసరు ప్రక్కనే ఒకే పొట్లములో చేర్చెను. వేడి తగ్గినది, వేగము హెచ్చినది, మేమును మెచ్చుకొంటిమి. అయితే కొన్ననాడు ఎంత మెమరీ యున్నదో కడవరకు అంతే. చేతిలో సొమ్ము తక్కువగా నున్నప్పుడు చిన్నది కొని, పని పెరిగిన కొలది దానిని పెంచుకొను మార్గము మూసికొనిపోయినది. తన సుత్తికి తాను పిడి వేసికొనలేని కమ్మరిని మనము ఎరుగుదుమా?

ఈ విషయమున 2022లో డెల్ సంస్థ ఇంజనీర్లు ఒక ఉపాయము పన్నిరి. మెమరీని గాడిలో దూర్చుటకు బదులు, పలుచని పలకపై చదునుగా పరచి మరలతో బిగించుట. దీనికి క్యామ్ అని పేరు. ప్రెసిషన్ 7670లో అది మొదట వచ్చినప్పుడు, ఒక్క సంస్థ సొత్తుగా నిలిచిపోవునేమో యని అనుమానించినవారు కలరు. కాని 2023 డిసెంబరున మెమరీ ప్రమాణములను నిర్ణయించు జెడెక్ సంఘము దాని రూపాంతరమును అందరికిని సామాన్య ప్రమాణముగా అంగీకరించెను. 2024లో ఆ పద్ధతి పోటీదారుల యంత్రమైన థింక్‌ప్యాడ్ పి1లో కనబడినది. సన్నదనమును విడువకయే మరలు మరల వచ్చినవి.

మాకు ఇటీవల వచ్చిన యంత్రము సన్ననిది కాదు, మోటుదే. పెట్టె విప్పిన దినముననే అడుగుపలక తీసి చూచితిమి. మెమరీ పలకలు రెండు, ఖాళీ గాళ్లు రెండు, దుమ్ము దులుపుకొనుటకు వీలైన ఫ్యాన్లు రెండు కలవు. దానితో మొన్నటి వేసవిలో అదే పల్లెకు, అదే కథకుని కడకు పోయితిమి. రెండు గంటల కథను యంత్రము నిలువక పట్టుకొన్నది. విసనకఱ్ఱను కూడ తీసికొనిపోయితిమి. అది కథకునికే పనికివచ్చెను.