గుర్రం ఎత్తు: చేతి నుంచి సెంటీమీటరు దాకా

గుర్రం తల ఎత్తుతుంది, దించుతుంది. అందుకే ఎత్తును మెడ వీపుతో కలిసే మూపు దగ్గర కొలుస్తారు. దేంతో కొలవాలన్నదే కాలానికో రకంగా మారుతూ వచ్చింది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మేలురకం గుర్రానికి 80 అంగుళాల ఎత్తు చెప్పింది. అది వేలి వెడల్పు లెక్క. ఇప్పటి అంగుళమే అనుకుంటే ఆ గుర్రం రెండు మీటర్లు దాటిపోతుంది!

ఇంగ్లండులో అరచేతి వెడల్పు, అంటే ‘హ్యాండ్’, కొలమానమైంది. 15 హ్యాండ్ల కన్నా పొట్టి మగ గుర్రాలను కొన్ని కౌంటీల ఉమ్మడి బీళ్లలో మేపకూడదని 1540లో ఎనిమిదో హెన్రీ శాసనం చేశాడు. కవచధారి రౌతును మోయగల భారీ గుర్రాలు ఆయనకు కావాలి. మనిషి చెయ్యి పెద్దదో చిన్నదో ఉంటుంది కాబట్టి హ్యాండ్ నాలుగు అంగుళాలుగా స్థిరపడింది. 1799లో ఫ్రాన్సు మీటరుకు ప్లాటినం కడ్డీని ప్రమాణంగా పెట్టినా గుర్రాలవాళ్లు పట్టించుకోలేదు. 1959లో అంగుళం కచ్చితంగా 2.54 సెంటీమీటర్లని ఒప్పందం కుదిరింది. దాంతో హ్యాండ్ 10.16 అయింది.

ఇక గుణించేస్తే సరిపోతుందనుకుంటాం. తిరకాసంతా హ్యాండ్లలో ఎత్తు రాసేటప్పుడు పెట్టే చుక్క దగ్గరే. 14.2 అంటే పద్నాలుగు హ్యాండ్ల రెండు అంగుళాలు, పద్నాలుగున్నర హ్యాండ్లన్నమాట. 14.3 తర్వాత వచ్చేది 15, 14.5 అనే గుర్రం లోకంలో లేదు. 14.2ను దశాంశంగా చదివి 10.16తో గుణిస్తే 144.27 వస్తుంది. సరైన లెక్క 58 అంగుళాలు, 147.32 సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్ల తేడా చిన్నదేమీ కాదు, ఎందుకంటే పొట్టి రకమైన ‘పోనీ’కీ గుర్రానికీ మధ్య గీత ఇక్కడే ఉంది.

ఆ గీతను అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య లాడం లేకుండా 148, లాడంతో 149గా గుండ్రం చేసింది. 147.8 ఉన్న జంతువు పాత లెక్కలో గుర్రం, కొత్త లెక్కలో పోనీ! పోటీలో ఏ తరగతిలో దిగాలో, ఎంత ధర పలకాలో దాని మీదే ఆధారపడుతుంది. బ్రిటన్‌లోనూ 12.2, 13.2, 14.2 తరగతులు 128, 138, 148 అయ్యాయి. అయినా అమ్మకపు ప్రకటనల్లో అక్కడివాళ్లు ఇప్పటికీ హ్యాండ్లే రాస్తారు. కొలత ధ్రువపత్రంలో మాత్రం సెంటీమీటర్లే చెల్లుతాయి.