పళ్ళిపట్టు సీమ శ్రామికుల వంశాన్వేషణము

ఇంగ్లండులో గనికూలి మునిమనుమడు సైతము తన పూర్వులను రెండుమూడు శతాబ్దుల వెనుకకు వెదకికొనుట అరుదు కాదు. 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞచే ప్రతి చర్చియందును జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు వ్రాయబడసాగినవి. 1837లో ప్రభుత్వపు నమోదు ఆరంభమైనది. 1841 మొదలు జనాభాలెక్కలు ఇంటింటి పేర్లతో నిలిచియున్నవి. ఆస్తి లేనివానికిని పేరు మిగిలినది.

పళ్ళిపట్టు సీమలో సంగతి వేఱు. రాజులకు శాసనములు, భూస్వాములకు పట్టాలు గలవు. నేతగానికిని, కూలివానికిని ఇంటిపేరు, గోత్రము, ముసలివారి జ్ఞాపకము తప్ప అన్య మాధారము తఱచుగా కానరాదు. 1871 నాటి జనగణనము మొదలు మనకు అంకెలు మిగిలినవి గాని, ఇంటింటి పేర్ల పత్రములు భద్రపఱుపబడలేదు.

విచిత్రమేమనగా, ఊరువిడిచి పోయినవాని పేరే ఊరనున్నవాని పేరుకంటె పదిలముగా నున్నది. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మదరాసు కూలీలను డర్బన్ రేవునకు చేర్చెను. 1911 వఱకు నేటాలునకు పోయిన భారతీయులు 1,52,000 పైచిలుకు. వారిలో ఉత్తరార్కాటువారు పెక్కురు. పళ్ళిపట్టు నాడు ఆ జిల్లాలోనిదే. ఓడపట్టికలో ప్రతివానికి నొక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాయబడినవి. వంశాభిమానముచే వ్రాసినది కాదది; కూలీని గుర్తుపట్టుటకై వ్రాసికొన్నది. ఆ పుట్టుమచ్చయే నేడు మునిమనుమనికి సాక్ష్యము!

కాని ఆ పట్టికలో ఇంటిపేరునకు గడి లేదు. నాయుడు, రెడ్డి, చెట్టి యను కులనామములే అచట వంశనామములైనవి. ఇంటిపేరును బట్టి బంధుత్వమును నిర్ణయించు తెలుగువారికి ఈ నష్టము స్వల్పము కాదు. 1931లో దక్షిణాఫ్రికాలో వెలసిన ఆంధ్ర మహాసభ భాషను నిలుపుటకు పూనుకొన్నది. అప్పటికే రెండుమూడు తరములు గడచినవి.

ఊరిపేరును సులభముగా దొరకదు. ఆంగ్లలిపిలో లకార ళకారములకు, తకార టకారములకు భేదము నిలువదు. అదిగాక, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది; పటాస్కరు నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న పళ్ళిపట్టు మదరాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో చేరినది; 1997లో తిరువళ్ళూరు జిల్లా వచ్చినది. ఉత్తరార్కాటని చదివి వేలూరు చుట్టుప్రక్కల వెదకువాడు ఈ యూరిని దాటిపోవును.

ఇంటిపేరు, కులదైవము, తండ్రిపేరు మూడును ఏ వృద్ధురాలి నోటనో మిగిలియున్నచో అన్వేషణము సాగును. తండ్రిపేరొక్కటే, అదియు మునుస్వామి యైనచో, ఈ సీమలో మునుస్వాములు లేని వీధి యేది?