పాత రేడియో కంట్రోల్ బొమ్మ కార్లు: చక్రాలు విప్పడం, మార్చడం

రేడియో సంకేతాలతో నడిచే బొమ్మ వాహనాల్లో మొదటిది ఏదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. జపాన్‌లో మసుదయా సంస్థ 1955 ప్రాంతంలో తెచ్చిన ‘రేడికాన్’ రేకు బస్సు అని కొందరు, ఇటలీకి చెందిన ఎల్-జి సంస్థ 1966లో చేసిన ఫెరారీ 250 ఎల్ఎం నమూనా అని మరికొందరు అంటారు. బొమ్మల వరకే చూస్తే మొదటి వాదమే బలంగా కనిపిస్తుంది. చక్రాల విషయంలో మాత్రం 1976లో టామియా సంస్థ విడుదల చేసిన పోర్షా 934 ముఖ్యం. అది విడిభాగాల పెట్టెగా వచ్చింది. కొన్నవారే బిగించుకోవాలి కనుక విప్పే వీలూ అందులోనే ఉంది.

  హైదరాబాద్‌లో పురానాపుల్ దాపున జుమ్మేరాత్ బజార్ వంటి పాత సామాన్ల సంతల్లో దొరికే బొమ్మకు పెట్టె, సూచనల కాగితం తోడు ఉండడం అరుదు. అందుకే ముందుగా బిగింపు పద్ధతిని గుర్తించాలి.

బ్యాటరీలు తీశాకే పని మొదలుపెట్టాలి. టామియా తరహా కార్లలో సాధారణంగా ఇరుసు చివర 4 మి.మీ. నైలాన్ లాక్ నట్టు ఉంటుంది, దానికి 7 మి.మీ. పానా సరిపోతుంది. చౌక బొమ్మల్లో నడిమి మూత కింద స్క్రూ ఉంటుంది, లేదా చక్రాన్ని గరుకు ఇరుసు మీదికి గట్టిగా నొక్కి ఉంటారు. అలా నొక్కినదాన్ని వెనక నుంచి రెండు వైపులా సమంగా ఎత్తాలి. ఒక పక్కనే ఎత్తితే ఇరుసు వంగుతుంది, మెలితిప్పితే గేరు పళ్లు విరగవచ్చు. జపాన్ స్క్రూల గాడి మామూలు ఫిలిప్స్ గాడికి కాస్త భిన్నం. సరిపడని స్క్రూడ్రైవర్ జారి తలను అరగదీస్తుంది.

నట్టు వచ్చాక వాషర్లు, అడ్డపిన్ను ఏ వరుసలో ఉన్నాయో రాసుకోవాలి. ఇరుసుకు అడ్డంగా ఉండే ఆ చిన్న పిన్నే చాలా నమూనాల్లో వెనక చక్రాన్ని తిప్పుతుంది. నేల మీద పడితే దొరకడం కష్టం.

రబ్బరు టైర్లకు ఓజోను, వేడి వల్ల పగుళ్లు వస్తాయి. హైదరాబాద్ మే ఎండలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మెత్తని పీవీసీ టైర్లలోంచి ఊరే రసాయనం పాలీస్టైరీన్ రిమ్మును కరిగిస్తుంది కాబట్టి వాటిని విడిగా దాచాలి. గట్టిపడిన టైరును గోరువెచ్చని నీటిలో నానబెడితే కొంత సాగుతుంది. టైరును రిమ్ముకు అంటించిన జిగురును అసిటోన్‌తో వదిలించబోతే ఏబీఎస్ ప్లాస్టిక్ రిమ్మే కరుగుతుంది.

టామియా హార్నెట్, గ్రాస్‌హాపర్ నమూనాలు రెండూ 1984 నాటివి. ఇవి 2004–05 ప్రాంతంలో మళ్లీ మార్కెట్లోకి వచ్చినందున వాటికి కొత్త చక్రాలు దొరుకుతాయి. అయినా అసలు చక్రం బాగుంటే దాన్నే ఉంచడం మంచిది. బొమ్మ ఏ కాలానిదో చెప్పే గుర్తుల్లో అదొకటి.

తిరిగి బిగించేటప్పుడు, చాలా సార్లు విప్పిన నైలాన్ నట్టుకు పట్టు తగ్గుతుంది కనుక కొత్తది వేయాలి. నట్టు వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాక్ ద్రవాలు మాత్రం వద్దు, అవి ఏబీఎస్, పాలీకార్బొనేట్ భాగాలను పగలగొడతాయి. ముందు చక్రం ఇరుసు మీద విడిగా తిరిగేది అయితే నట్టును చివరిదాకా బిగించకుండా వెంట్రుకవాసి సందు వదలాలి. వేలితో తిప్పినప్పుడు అది ఆగకుండా తిరగాలి.