ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏ కర్ర మంచిది? వీణది ఒక జవాబు, గిటార్‌ది ఇంకో జవాబు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది. "అన్నా, ఎలక్ట్రిక్ గిటార్ కొందామనుకుంటున్నా. ఒకదాని బాడీ బాస్‌వుడ్ అంట, ఇంకోదానిది మహాగని అంట. మహాగనికి నాలుగైదు వేలు ఎక్కువ. పెట్టొచ్చా?"

మన ఊళ్ళల్లో ఆ నాలుగైదు వేలు చిన్న మాట కాదప్పా. పత్తి అమ్మిన డబ్బులోంచో, మగ్గం మీద వచ్చిన కూలిలోంచో ఇంట్లోవాళ్ళు తీసి ఇవ్వాలి. అందుకే "పెట్టు", "పెట్టొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, అసలు గిటార్‌లోకి ఆ కర్ర ఎట్లా వచ్చిందో చూద్దాం.

ముందు మన వీణ సంగతి. కర్రను బట్టే నాదం అనే నమ్మకం మనకి ఊరికే రాలేదు. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. వాడేది పనస కర్ర. ఒకే దుంగలోంచి కుండ, దండి మొత్తం తొలుస్తారు. పనస తేలిక, గట్టి, చెద తొందరగా పట్టదు. తీగ మీటితే ఆ కదలిక బ్రిడ్జి మీదుగా కుండ పైపలకకి దిగుతుంది, పలక గాలిని కదిలిస్తుంది, అదే మనకి వినిపిస్తుంది. అంటే వీణలో కర్రే స్పీకర్. కర్ర మారితే నాదం మారుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్ ఆ దారిలో పోదు. తీగల కింద పికప్ ఉంటుంది: అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. పైన స్టీలు తీగ ఊగితే రాగి తీగలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. అదే గిటార్‌కి నైలాన్ తీగలు వేస్తే పికప్‌కి ఏమీ వినపడదు. ఎందుకంటే అది చూసేది స్టీలు కదలికని, కర్రని కాదు.

అందుకే ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర కర్రతో మొదలవ్వలేదు. 1932లో రికెన్‌బాకర్ కంపెనీ అమ్మిన మొదటి మోడల్ బాడీ పోత పోసిన అల్యూమినియం. చూడ్డానికి పెనంలా ఉందని జనం దానికి 'ఫ్రయింగ్ పాన్' అని పేరు పెట్టారు. 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే కళాకారుడు నాలుగంగుళాల పైన్ దిమ్మెకి తీగలు కట్టి 'ది లాగ్' చేశాడు. దిమ్మెతో వాయిస్తే జనం పట్టించుకోలేదని, మామూలు గిటార్ బాడీని రెండుగా కోసి అటూ ఇటూ అతికించాక మెచ్చుకున్నారని ఆయనే చెప్పుకునేవాడు. తీగలూ పికప్పూ ఉన్నది ఆ దిమ్మె మీదే. జనం కళ్ళతో విన్నారన్నమాట!

ఇక అసలు మలుపు 1950. కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసుకునే లియో ఫెండర్ ఆ ఏడాది గట్టి పలకతో గిటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. అదే తర్వాత టెలికాస్టర్ అయింది. ఆయనకి గిటార్ వాయించడం రాదు. తొందరగా కోయాలి, మెడ పాడైతే స్క్రూలు తీసి మార్చుకోవాలి, ధర అందుబాటులో ఉండాలి - ఇవీ ఆయన లెక్కలు. మొదట పైన్ వాడి చూశాడు, తర్వాత యాష్. 1954లో స్ట్రాటోకాస్టర్ కూడా యాష్‌తోనే వచ్చింది. 1956 నుంచి ఎక్కువ వాటికి ఆల్డర్‌కి మారారు. ఆల్డర్ సులువుగా దొరుకుతుంది. యాష్‌కి రంధ్రాలు ఎక్కువ, రంగు వేసే ముందు వాటిని పూడ్చాలి, ఆల్డర్‌కి అంత పని లేదు. 2020లో ఫెండర్ చాలా మోడళ్ళకి యాష్ ఆపేస్తామని ప్రకటించింది. ఎందుకంటే యాష్ చెట్లకి ఒక పురుగు పట్టింది. మన పత్తికి గులాబీ రంగు పురుగు ఎట్లనో, అక్కడ యాష్‌కి 'ఎమరాల్డ్ యాష్ బోరర్' అట్ల.

చూశారా, ధర, దొరకడం, రంగు, పురుగు. ఈ రోజు మనం 'టోన్ వుడ్' అని మురిసిపోయే చాలా కర్రల వెనక ఉన్న లెక్కలు ఇవే.

దీనికి ఎదురు సాక్ష్యాలు కూడా ఉన్నాయి. 1950ల్లో డేన్‌ఎలెక్ట్రో కంపెనీ చెక్క చట్రానికి మేసనైట్ అట్ట బిగించి చవక గిటార్లు అమ్మింది. లెడ్ జెప్పెలిన్ జిమ్మీ పేజ్ అట్లాంటిదాన్నే పెద్ద పెద్ద స్టేజీల మీద వాయించాడు. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే కుర్రాడిగా ఉన్నప్పుడు, 1963లో నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టాడు. మెడ పాత పొయ్యిగూటి చెక్క, బాడీలో పాత బల్ల చెక్క. జీవితాంతం అదే ఆయన గిటార్ అయింది.

మన తెలుగు సాక్ష్యం ఇంకా గొప్పది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకానికి అది చాలదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు తీసేసి, విడివిడిగా ఐదు తీగలు పెట్టుకున్నారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. ఆ చిన్న పలకలోంచి కర్ణాటక సంగీతం పలికించింది తీగల అమరిక, కరెంటు, అన్నిటికన్నా ముందు ఆ వేళ్ళు.

అట్లయితే కర్రకి పనే లేదా? ఉంది. ఎమ్మిగనూరు వాళ్ళకి మగ్గంతో చెప్తే ఇట్టే అర్థమవుతుంది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా అది. మగ్గం చట్రం ఊగకూడదు, పడుగు బిగువు తగ్గకూడదు. చట్రం వదులైతే నేత చెడుతుంది. అట్లని చీర కొనేటప్పుడు "ఏ కర్ర మగ్గం మీద నేశారు?" అని ఎవరైనా అడుగుతారా? నూలు చూస్తారు, చేతిపని చూస్తారు. గిటార్ బాడీ కూడా చట్రమే. గట్టిగా ఉండాలి, భుజానికి బరువు కాకూడదు. కర్రతో కొంచెం తేడా వస్తుందనే వాళ్ళు ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ పికప్, యాంప్, తీగలు, చెయ్యి తెచ్చే తేడా ముందు అది చాలా చిన్నది.

వీడియోల్లో రెండు గిటార్లు పక్కపక్కన వాయించి "వినండి, మహాగని!" అంటే వెంటనే నమ్మొద్దు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తాం. అక్కడ పికప్‌లు, తీగలు, మెడ అన్నీ వేరు. తేడా కర్రదే అని ఎట్లా చెప్తారు?

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? మెడ నిటారుగా ఉందా, ట్రస్ రాడ్ తిరుగుతోందా చూడండి. ట్యూనింగ్ బిరడాలు శ్రుతి నిలుపుతున్నాయా చూడండి. ఫ్రెట్ల అంచులు వేలికి గీసుకుంటున్నాయా అని మెడ పక్కన తడమండి. మన దగ్గర గాలి పొడి, ఎండాకాలం కర్ర కుంచించుకుపోతే ఆ అంచులు బయటికొస్తాయి. రేకుల ఇంట్లో గోడకి వేలాడదీయొద్దు, కేసులో పెట్టండి. మెడలో వేసుకుని పది నిమిషాలు నిలబడండి, బరువు తెలుస్తుంది.

ఆ మిగిలిన నాలుగైదు వేలు? మంచి చిన్న యాంప్‌కి కలపండి, సెటప్ చేయించండి, తీగలు మార్పించండి. ఇప్పటికే బాస్‌వుడ్ గిటార్ ఉండి, "నాది చవక కర్ర, అందుకే సౌండ్ రావట్లేదు" అని మూలన పెట్టిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే, దాన్ని ఈ రోజే బయటికి తీయండి. పైన్ దిమ్మె, అట్ట, పాత బల్ల చెక్క పలికినప్పుడు మీది కూడా పలుకుతుంది.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.