గీజర్ వేడెక్కి మధ్యలోనే ఆగిపోతోందా? ముందుగా గమనించాల్సిన సంకేతాలివే

డుమస్ (సూరత్): స్నానానికి నీళ్లు వేడి కాకముందే గీజర్ దీపం ఆరిపోవడం, ఎంతసేపు వేచి చూసినా తిరిగి వెలగకపోవడం చలికాలంలో అనేక ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బంది. గుజరాత్‌లో తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటుకు సమీపాన ఉన్న డుమస్ వంటి తీర ప్రాంతాల్లో ఈ ఇబ్బందికి మరో రెండు కారణాలు తోడవుతాయి. ఒకటి బోరు నీటిలోని లవణాలు, రెండోది లోహాన్ని తినివేసే ఉప్పు గాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తెలుగు తీర పట్టణాల్లోనూ పరిస్థితి ఇలాగే ఉంటుంది.

గీజర్ తనంతట తాను ఆగిపోయిందంటే చాలా సందర్భాల్లో దాని రక్షణ వ్యవస్థ సక్రమంగా పనిచేసిందని అర్థం. ఎక్కడో పుట్టిన లోపాన్ని ఆ వ్యవస్థ ముందుగా పసిగట్టింది. లోపాన్ని వెతకకుండా రక్షణ స్విచ్‌ను తొలగించి గీజర్‌ను నడిపించడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇద్దరు కాపలాదారులు

నీటిని నిల్వ చేసి వేడి చేసే విద్యుత్ గీజర్‌లో ఉష్ణోగ్రతను అదుపు చేసే పరికరాలు రెండు ఉంటాయి. మొదటిది థర్మోస్టాట్. వినియోగదారుడు ఎంచుకున్న ఉష్ణోగ్రతకు నీరు చేరగానే ఇది విద్యుత్తును ఆపుతుంది, నీరు చల్లబడగానే తిరిగి అందిస్తుంది. రెండోది థర్మల్ కటౌట్. తెలుగువారికి కటౌట్ అంటే సినిమా హాలు ముందు నిలబెట్టే కథానాయకుడి బొమ్మే గుర్తుకు వస్తుంది. గీజర్‌లోని కటౌట్ మాత్రం మూత వెనుక దాగి ఉండే చిన్న స్విచ్. థర్మోస్టాట్ విఫలమై వేడి హద్దు దాటినప్పుడు, నీరు మరిగే స్థితికి చేరకముందే ఇది విద్యుత్తును పూర్తిగా తెంచుతుంది. చాలా నమూనాల్లో దీన్ని చేత్తో నొక్కితేనే గీజర్ మళ్లీ పనిచేస్తుంది.

ఆగింది ఏది?

మెకానిక్‌ను పిలిచేముందు ఆగిపోయిన తీరును గమనిస్తే సగం సమాధానం దొరుకుతుంది.

దీపం ఆరి, కొంతసేపటికి దానంతట అదే వెలిగితే అది థర్మోస్టాట్ సహజంగా చేసే పని. మరమ్మతు అవసరం లేదు.

ఇంట్లో విద్యుత్ ఉండి, బోర్డులోని స్విచ్‌లన్నీ సరిగానే ఉన్నా గీజర్ స్పందించకపోతే థర్మల్ కటౌట్ పడి ఉండవచ్చు. ఆగేముందు నీరు పొగలు కక్కేంత వేడిగా వచ్చిందా, గోరువెచ్చగానే ఉందా అన్నది గుర్తుంచుకోవాలి. పొగలు కక్కితే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయాయని అనుమానించాలి. గోరువెచ్చగా ఉండగానే ఆగితే ట్యాంకులో నీరు తక్కువై ఎలిమెంట్ బయటపడటం, ఎలిమెంట్ చుట్టూ లవణాల పొర పేరుకోవడం, వైర్లు బిగించిన చోట కాలడం వంటివి పరిశీలించాలి.

బోర్డులోని ఎంసీబీ పడిపోతే షార్ట్ సర్క్యూట్ లేదా అధిక లోడు కారణం కావచ్చు. ఆర్‌సీసీబీ పడిపోతే మాత్రం కరెంటు ఎక్కడో లీకవుతోందని అర్థం. ఎలిమెంట్ తొడుగు చిల్లుపడితే ఆ కరెంటు నీటిలోకి చేరే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు స్విచ్‌ను పదేపదే పైకి లేపరాదు. గీజర్ ప్లగ్ తీసివేసి, మరమ్మతు పూర్తయ్యేవరకు ఆ నీటిని తాకకుండా ఉండాలి.

సమయాన్నీ కొలవవచ్చు. 15 లీటర్ల నీటిని 2 కిలోవాట్ల ఎలిమెంట్‌తో 25 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. అటువంటి గీజర్ ఐదు నిమిషాలకే ఆగిపోతుంటే, సెన్సర్‌కు తగులుతున్నది ట్యాంకులోని నీటి వేడి కాదని తేలిపోతుంది.

సున్నపు పొర చేసే చేటు

కఠిన జలంలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా ఎలిమెంట్ మీద తెల్లగా గట్టిపడుతుంది. రాగితో పోలిస్తే ఈ పొర వేడిని ప్రసరింపజేసే శక్తి వందో వంతు కూడా ఉండదు. అందువల్ల ఎలిమెంట్ వేడి నీటికి త్వరగా అందక తొడుగులోనే పెరుగుతుంది. పొర దళసరిగా పెరిగి పక్కనే ఉన్న సెన్సర్ గొట్టాన్ని తాకితే, నీరు చల్లగా ఉన్నా సెన్సర్ వేడెక్కి గీజర్ ఆగిపోతుంది. వేడెక్కే సమయంలో టపటపమనే శబ్దం, కుళాయి జల్లెడలో తెల్లని రేణువులు దీనికి గుర్తులు.

తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. బోరు నీటిని వాడేవారు ఒకసారి పరీక్ష చేయించుకుంటే గీజర్‌ను ఎంత తరచుగా శుభ్రం చేయించాలో తెలుస్తుంది. కఠినత్వం ఎక్కువగా ఉన్నచోట ఏడాదికోసారి ట్యాంకు ఖాళీ చేయించి, పొర తీయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీని పరీక్షింపజేయడం మేలు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వాటర్ సాఫ్ట్‌నర్ కఠినత్వాన్ని తగ్గిస్తుంది తప్ప ఉప్పదనాన్ని తొలగించదు. క్లోరైడ్లు ఎక్కువగా ఉన్న నీరు సాఫ్ట్‌నర్ గుండా వచ్చినా లోహాన్ని తింటూనే ఉంటుంది.

ఉప్పు గాలి, వదులైన వైర్లు

230 వోల్టుల వద్ద 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు తీసుకుంటుంది. కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ దీనికి పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ అవసరం. తీర ప్రాంతాల్లో టెర్మినళ్లకు చిలుము పట్టి కాంటాక్టు బలహీనపడుతుంది. అక్కడ పుట్టే వేడికి ప్లగ్ నల్లబడుతుంది, ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే మెయిన్ ఆపివేయాలి.

గ్యాస్ గీజర్ అయితే మరింత జాగ్రత్త

గ్యాస్ గీజర్‌లో నీటి ధార సన్నగిల్లితే అదే మంట తక్కువ నీటిని వేడి చేయవలసి వస్తుంది. అధిక వేడిని గుర్తించే స్విచ్ అప్పుడు మంటను ఆర్పుతుంది. నీరు వచ్చే చోట ఉండే జల్లెడ పూడుకుపోయిందేమో మొదట చూడాలి. బ్యాటరీలు బలహీనపడినా గీజర్ వెలగదు. కొన్ని నమూనాలు 20 నిమిషాలకు తమంతట తామే ఆగేలా తయారవుతాయి.

అసలు ముప్పు గాలి చాలకపోవడం. ఒక ఘనపు మీటరు పైపు గ్యాస్ పూర్తిగా మండడానికి దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీరిచ్చే గీజర్ 20 నిమిషాలు నడిస్తే సుమారు 4 ఘనపు మీటర్ల గాలిని వాడుకుంటుంది. చిన్న స్నానాల గదిలో ఉండే గాలి మొత్తం 7 ఘనపు మీటర్లకు మించదు. తలుపులు, కిటికీలు మూసి ఉంటే గ్యాస్ సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దీని తొలి లక్షణాలు. స్నానం చేస్తున్న వ్యక్తి సాయం కోసం పిలిచేలోపే స్పృహ కోల్పోవచ్చు.

అందుకే గ్యాస్ గీజర్‌ను స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోట, పొగ గొట్టంతో అమర్చాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు మారితే వాడకం ఆపాలి. ఎవరైనా అస్వస్థతకు గురైతే వారిని వెంటనే ఆరుబయటకు చేర్చి, గ్యాస్ కట్టేసి, 108 లేదా 112కు ఫోన్ చేయాలి. వంట గ్యాస్ సిలిండర్ లీకయితే 1906 నంబరును సంప్రదించాలి. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వెళ్లిన కుటుంబాల మాదిరిగా అద్దె ఇళ్లలో ఉండేవారు, ఇంట్లో చేరేముందే గీజర్ ఎక్కడ అమర్చారో చూసుకోవడం క్షేమం.

విదేశాల్లోని ఫర్నేస్‌లోనూ ఇదే సూత్రం

ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో గదులను వెచ్చగా ఉంచే ఫర్నేస్ కూడా ఇలాగే ఆగిపోతుంటుంది. గాలి ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే వేడి గదుల్లోకి వెళ్లక యంత్రంలోనే నిలిచిపోతుంది. అప్పుడు లిమిట్ స్విచ్ బర్నర్‌ను ఆపుతుంది. అక్కడ ముందుగా చూడవలసినవి ఫిల్టర్, మూసి ఉన్న గాలి మార్గాలు. ఫిల్టర్ మార్చినా సమస్య తీరకపోతే నిపుణులను పిలవాలి.

ఇవి చేయరాదు

కటౌట్‌ను తప్పించి వైర్లను నేరుగా కలపరాదు. అలా చేస్తే, థర్మోస్టాట్ చెడినప్పుడు ట్యాంకులో ఆవిరి పీడనం పెరగకుండా ఆపేది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. నీరు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ వాల్వ్ నుంచి కొన్ని చుక్కలు కారడం సహజం. చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించరాదు. ట్యాంకు నిండి కుళాయిలో నీరు వచ్చాకే గీజర్ స్విచ్ వేయాలి. 60 డిగ్రీల నీరు సుమారు 5 సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాల్చగలదు. పిల్లల చర్మం ఇంకా త్వరగా కాలుతుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడి నీళ్లు కలపాలి.

కటౌట్ ఒకసారి పడితే, విద్యుత్ ఆపి గీజర్ చల్లారాక సాంకేతిక నిపుణుడితో మూత తీయించి సరిచేయించవచ్చు. రెండోసారీ పడితే కారణం తేలేవరకు గీజర్‌ను వాడకూడదు. అప్పటిదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకోవడమే ఉత్తమం.