కుందేలు కంటికి బదులు

తలంటుకునేటప్పుడు షాంపూ కంట్లో పడితే మంట పుడుతుంది. నీళ్ళతో కడుక్కుంటే కాసేపటికి తగ్గిపోతుంది. చూపు పోతుందేమోనన్న భయం మీకు కలగదు. ఈ ధైర్యాన్ని చాలాకాలం మనకు ఇచ్చింది కుందేలు కన్ను. దానికి బదులు మరో పరీక్షను నిలబెట్టడానికి ఎన్నేళ్ళు పట్టింది? అందుకు డబ్బు ఎవరిచ్చారు? తెలుసుకుందాం.

పరీక్ష ఎలా పుట్టింది?

1933 ప్రాంతంలో అమెరికాలో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు అమ్మేవారు. దాన్ని వాడి కొందరు స్త్రీల కళ్ళు దెబ్బతిన్నాయి. ఒకామె మరణించింది కూడా. అప్పట్లో అమలులో ఉన్న 1906 నాటి చట్టానికి సౌందర్య సాధనాలతో సంబంధం లేదు. అందువల్ల ప్రభుత్వం చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. 1938లో కొత్త చట్టం వచ్చింది. 1944లో ఆహార, ఔషధ పాలన సంస్థ శాస్త్రజ్ఞుడు జాన్ డ్రైజ్, ఆయన సహచరులు ఒక పరీక్షను ప్రకటించారు.

పద్ధతి చాలా సులభం. కుందేలు ఒక కంట్లో 0.1 మిల్లీలీటరు పదార్థం వేస్తారు. రెండో కంటిని పోల్చి చూడటానికి వదిలేస్తారు. కొన్ని రోజులపాటు గమనించి మార్కులు వేస్తారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాకు 80, ఐరిస్‌కు 10, రెప్పల లోపలి పొరకు 20, మొత్తం 110. ఎన్ని ఎక్కువ మార్కులు వస్తే అంత హానికరమన్నమాట.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఈ పరీక్ష క్రూరత్వం నుంచి పుట్టలేదు. మనుషుల కళ్ళు కాపాడాలన్న తపన నుంచి పుట్టింది. దాని మూల్యం మాత్రం కుందేలు చెల్లించింది.

పుస్తకం వచ్చింది, నిధులు రాలేదు

1959లో ఇంగ్లండుకు చెందిన రస్సెల్, బర్చ్ ఒక పుస్తకంలో మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువుకు బదులు మరొకటి వాడాలి. వీలుకాకపోతే జంతువుల సంఖ్య తగ్గించాలి. తప్పనిసరిగా వాడేవాటికి బాధ తగ్గించాలి. ఈ మాటలను చాలా ఏళ్ళపాటు పట్టించుకున్నవారు తక్కువ. 1971లో వీల్, స్కాలా అనే పరిశోధకులు ఒకే రకం పదార్థాలను 20కి పైగా ప్రయోగశాలలకు పంపి చూశారు. ఒకచోట ప్రమాదకరమని తేలినది మరోచోట మామూలుదని తేలింది! అయినా పరీక్ష ఆగలేదు.

పరిస్థితిని మార్చినవాడు శాస్త్రజ్ఞుడు కాదు, న్యూయార్క్‌లో బడిపంతులుగా పనిచేసిన హెన్రీ స్పైరా. 1980 ఏప్రిల్‌లో ఆయన బృందం ఒక దినపత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసి, సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్‌ను నిలదీసింది. పరీక్ష మానేయమని అడిగి ఊరుకోలేదు. ప్రత్యామ్నాయ పరిశోధనకు డబ్బు పెట్టమని అడిగింది. ఆ సంవత్సరాంతానికి రెవ్లాన్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి మూడేళ్ళలో 7,50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. 1981లో సౌందర్య సాధనాల పరిశ్రమ ఇచ్చిన 10 లక్షల డాలర్లతో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రత్యామ్నాయ పరీక్షల కేంద్రం వెలిసింది.

డబ్బు వచ్చింది, మరి ఆలస్యమెందుకు?

కొత్త పద్ధతిని కనిపెట్టడం ఒక ఎత్తు. అది నమ్మదగినదని నిరూపించడం మరో ఎత్తు. అనేక ప్రయోగశాలలు అవే రసాయనాలను, అదే పద్ధతిలో, పేర్లు తెలియకుండా పరీక్షించాలి. ఫలితాలు ఒక్కలా రావాలి. ఇందులో కొత్త ఆవిష్కరణ ఉండదు, బహుమతులు రావు. ఇలాంటి విసుగు పనికి డబ్బు దొరకడం కష్టం. అందుకే 1991లో ఐరోపా సంఘం ప్రభుత్వ నిధులతో ఇటలీలోని ఇస్ప్రాలో ఇందుకోసమే ఒక కేంద్రం పెట్టింది.

1995లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 9 పద్ధతులను 60 రసాయనాలతో పరీక్షించారు. ఏ ఒక్కటీ కుందేలు స్థానాన్ని భర్తీ చేయలేకపోయింది. ఎందుకని? వాటిని పోల్చిన కొలబద్ద కుందేలు మార్కులే. కొలబద్దే సాగుతూ, కుంచించుకుపోతూ ఉంటే గుడ్డ పొడవు ఎలా తేలుతుంది?

చివరకు 2009లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ రెండు పద్ధతులను ఆమోదించింది. ఒకదానిలో కబేళాలో దొరికే ఆవు కార్నియా, రెండోదానిలో కోడి కన్ను వాడతారు. 2015లో మనిషి కణాలతో పెంచిన కార్నియా పొరకు ఆమోదం లభించింది. 2022లో పలు పరీక్షలను కలిపి నిర్ణయించే విధానం వచ్చింది. 1980 నుంచి లెక్కిస్తే మొదటి ఆమోదానికే 29 ఏళ్ళు!

మన దేశంలో

మన దేశం 2014లో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని నిషేధించింది. అదే ఏడాది అలా పరీక్షించినవాటి దిగుమతినీ ఆపింది. ఇతరులు ఏళ్ళ తరబడి నిధులు పెట్టి నిరూపించిన పద్ధతులు అప్పటికే చేతికి అందివచ్చాయి. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో మానవ కణాల నమూనాల కోసం ఒక కేంద్రం ఏర్పాటైంది. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, అలాంటి నమూనాల ఫలితాలకూ చోటు కల్పించారు.

అయితే షాంపూ వేరు, మందు వేరు. మింగిన మందు కాలేయంలో మారి, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. ఆ ప్రయాణమంతటినీ గాజుపాత్రలోని ఒక్క కణాల పొర చూపించలేదు. అక్కడ జంతువుకు బదులు వెతకడం కన్ను కంటే ఎన్నో రెట్లు కష్టం. కుందేలు కంటి చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే: చట్టం ఒక్క రోజులో చేయవచ్చు, జాలి ఒక్క క్షణంలో కలగవచ్చు. కానీ బదులు పరీక్ష కావాలంటే ఏళ్ళ తరబడి ఆగకుండా నిధులు రావాలి. విసుగు లేకుండా పదేపదే కొలిచి చూసే యువ శాస్త్రజ్ఞులు కావాలి. ఆ రెండో అవసరం మీలో కొందరు తీర్చగలరు.